పాట మధ్యలో ఆరు సెకన్లు

ఆ లాప్‌టాప్‌ని ఎత్తి కిటికీలోంచి కింద పడేద్దామని ఆ వారంలో నాకు కనీసం నాలుగుసార్లు అనిపించింది. నాలుగుసార్లూ మా ఆవిడే అడ్డం పడింది. దాని మీద ప్రేమతో కాదు, కింద సైకిళ్ళు పెట్టుకుంటారని.

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. మెషీన్ దగ్గర నాకున్న ఓపికలో పదోవంతు మనుషుల దగ్గర ఉండదని మా ఆవిడ అంటుంది. అబద్ధమేమీ కాదు. ఆగిపోయిన లిఫ్ట్ ముందు మూడు గంటలు గొంతుక్కూర్చోమంటే కూర్చుంటాను. అదే ఎదుటి మనిషి నా మాటకి జవాబు చెప్పడానికి మూడు క్షణాలు ఆలస్యం చేస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఇంట్లో ఉడత అంటాం. చిన్నప్పుడు ఒక్కచోట నిలిచేది కాదు. ఇప్పుడా ఉరుకులు పరుగులు లేవు కానీ పేరు అలాగే ఉండిపోయింది. బాగా పాడుతుంది. తండ్రిని కాబట్టి చెప్పడం లేదు, నాకసలు పాట తెలీదు. లిఫ్ట్ తలుపు మూసుకునే చప్పుడులో తేడా వస్తే చెప్పగలను గానీ రాగంలో తేడా వస్తే చెప్పలేను. పాట నేర్పే మేడమ్ చెప్పింది. ఏడాదికి పన్నెండు మందినే తీసుకునే సంగీత పాఠశాల ఒకటుందనీ, దీనికి తప్పకుండా సీటు వస్తుందనీ చెప్పి, ఫారం కూడా ఆవిడే తెచ్చి ఇచ్చింది.

ఫారంతో పాటు ఒక పాట రికార్డు చేసి పంపాలి. ఇంట్లో చేసుకున్నా ఫరవాలేదట. ఐదు నిమిషాలకి తగ్గకూడదు, వాయిద్యాలు ఉండకూడదు, ఒకే ఊపున పాడింది ఉన్నదున్నట్టు పంపాలి. ఎక్కడైనా కోసి అతికించినట్టు కనబడితే వినకుండా పక్కన పెట్టేస్తామని కింద లావుపాటి అక్షరాల్లో రాశారు. శనివారం సాయంత్రం ఆరు గంటలకి ఆఖరు.

ఈ సీటు ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. ఏడాదిగా మా ఉడతకి స్కూల్లో మార్కులు దిగిపోతున్నాయి. క్లాసు టీచర్ మమ్మల్ని రెండుసార్లు పిలిపించింది. పిలిస్తే పలకదట. బోర్డు మీద రాస్తుంటే గోడకేసి చూస్తూ కూర్చుంటుందట. సగం వాక్యం రాసి మిగతా సగం వదిలేస్తుందట. ఎక్కడ ఉంటావమ్మా తల్లీ అని అడిగితే, ఇక్కడే ఉన్నాను మేడమ్ అంటుందట. పెంకితనం అని టీచర్ అనలేదు గానీ నేను అన్నాను. ఇంటికొచ్చాక గట్టిగానే చెప్పాను: ఈ పాఠశాలలో సీటు వస్తే సరే, రాకపోతే పాట కట్టిపెట్టి పుస్తకం పట్టు, మార్కులు మళ్ళీ పైకి వచ్చేదాకా పాట మాటే ఎత్తడానికి వీల్లేదు అని. అది ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. ఆ పిల్లకి పాట తప్ప ఇంకేమీ లేదని నాకు తెలుసు. తెలిసే అన్నాను, భయం ఉంటే బుద్ధి వస్తుందని.

రికార్డింగు సంగతి నాకొదిలెయ్ అన్నాను. మెషీన్ పని అంటే మనకే కదా అప్పగించాలి.

మాది రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు. కింద బస్‌స్టాప్. హాల్లో కూర్చుని పాడితే పాటలో సగం హారన్లే ఉంటాయి. అందుకని వంటింటి పక్కనున్న స్టోర్ రూమ్ ఖాళీ చేసి, పాత పరుపులు రెండు గోడలకి నిలబెట్టి, మధ్యలో స్టూలు వేశాం. మేడమ్ అరువిచ్చిన మైకు దాని ముందు పెట్టి, వైరు తలుపు కిందనుంచి హాల్లోకి లాగాను. స్టోర్ రూమ్‌లో గాలాడదు కాబట్టి ఒక టేబుల్ ఫ్యాన్. అది అటు తిరిగినప్పుడల్లా టక్ మంటుంది, దాని మెడలో ఒక పన్ను అరిగిపోయింది. ఉడత లోపల తలుపేసుకుని పాడుతుంది. నేను హాల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లాప్‌టాప్ తెర మీద గీతలు చూస్తూ కూర్చుంటాను. అదీ ఏర్పాటు.

ఆదివారం మొదటి పాట రికార్డు చేసి వింటే, పాట వెనకాల నూనెలో నీళ్ళు పడ్డట్టు ఒకటే చిటపట. మా బావమరిదికి ఫోన్ చేశాను. వాడు కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తాడు, మాటకి ముందు నవ్వుతాడు. నువ్వు దాన్ని గుడ్లురిమి చూస్తున్నావేమో బావా, అది హడలిపోయి ఉంటుంది, కాస్త నెమ్మదిగా చూడు అన్నాడు. తర్వాత అసలు విషయం చెప్పాడు. లాప్‌టాప్ శబ్దాన్ని గుక్కలు గుక్కలుగా మింగుతుందట. గుక్క మరీ చిన్నదైతే వెంటవెంటనే మింగలేక పొలమారుతుందట, ఆ పొలమారడమే చిటపట. గుక్క పెద్దది చెయ్యాలి. దానికి సెట్టింగుల్లో ఒక అంకె ఉంది, అది నాలుగింతలు పెంచాను. సగం చిటపట పోయింది.

మిగతా సగం కోసం సోమవారం సాయంత్రమంతా కూర్చున్నాను. నా పద్ధతి ఒకటే, ఇరవై రెండేళ్ళుగా అదే. ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది రాసుకో, మళ్ళీ నడిపి చూడు. వైఫై ఆపాను. వైరస్ చూసే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పాట మధ్యలో మేలుకుని ఇల్లంతా ఊడుస్తోందని తెలిసి దాన్నీ ఆపాను. మైకు ఒక లెక్కలో పంపుతుంటే సాఫ్ట్‌వేర్ ఇంకో లెక్కలో తీసుకుంటోంది, రెండూ ఒకే అంకెకి తెచ్చాను. చార్జర్ పెడితే సన్నగా జుమ్మని మోత, తీసేస్తే లేదు. తీసేశాను. మంగళవారానికి చిటపట పూర్తిగా పోయింది. ఇంక ఫ్యాన్ హోరు, దాని టకటకా మిగిలాయి. దానికీ మందుంది బావా అన్నాడు బావమరిది. మైకుతో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో చప్పుళ్ళు వడగట్టే మీట ఒకటుందట. అది కాపలావాడి లాంటిది, గొంతు వినబడితే తలుపు తీస్తుంది, గొంతు ఆగితే మూసేస్తుంది, పాట తప్ప ఇంకో చప్పుడు లోపలికి రానివ్వదు. అది నొక్కాను. నిజంగానే ఫ్యాన్ మాయమైపోయింది. స్టూడియోలో పాడినట్టుంది అని మా ఆవిడ అంది. ఆ రాత్రి భోజనాల దగ్గర నా అంతటివాడు లేడన్నట్టు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

బుధవారం అసలు రోగం బయటపడింది.

పాట బ్రహ్మాండంగా వెళ్తోంది. రెండో చరణం సగంలో ఉన్నట్టుండి నిశ్శబ్దం. మామూలు నిశ్శబ్దం కాదు, బొత్తిగా ఏమీ లేదు, తెర మీద గీత చదునుగా సాగింది. ఆరు సెకన్లు. తర్వాత పాట మళ్ళీ మొదలైంది, ఏమీ జరగనట్టు. మళ్ళీ పాడించాను. ఈసారి బాగానే వచ్చింది, కానీ ఉడత ఒక చోట దగ్గింది. ఇంకోసారి. పల్లవిలోనే ఖాళీ, ఐదు సెకన్లు. ఇంకోసారి. మూడో చరణంలో.

వచ్చిపోయే ఫాల్ట్ అంటే ఏమిటో మా పనిలో ఉన్నవాళ్ళకే తెలుసు. పూర్తిగా చెడిపోయినదాన్ని ఎవడైనా బాగుచేస్తాడు. ఒకసారి వచ్చి ఒకసారి రానిది మనిషికి పిచ్చెక్కిస్తుంది. మనం ఏది మార్చినా ఆ తర్వాతి సారి రాకపోతే అదే కారణమని సంబరపడతాం. ఇంకోసారికి మళ్ళీ వస్తుంది. గురువారం ఫ్రిజ్ మీద అనుమానం వచ్చింది. అది ఆన్ అయినప్పుడల్లా మైకు వైరుని చెడగొడుతోందేమోనని ప్లగ్ పీకేశాను. రెండు పాటలు నిక్షేపంగా వచ్చాయి, ఒకదాంట్లో గొంతు జీర, ఒకదాంట్లో పదం తప్పు, అయినా ఖాళీలు మాత్రం లేవు. దొరికావురా దొంగా అనుకున్నాను. మూడోసారి ఏడు సెకన్ల ఖాళీ వచ్చింది. ఫ్రిజ్ ప్లగ్ మళ్ళీ పెట్టడం మర్చిపోయాను, పాలన్నీ విరిగిపోయాయి. మా ఆవిడ మందుల షాపులో రోజంతా నిలబడి వచ్చి ఆ పాలు చూసింది. ఆవిడ ఏమందో రాయను.

కొత్త వైరు కొన్నాను. మైకుని వేరే రంధ్రంలో పెట్టాను. లాప్‌టాప్ కింద రెండు పుస్తకాలు పెట్టి గాలాడేట్టు చేశాను. బావమరిది దూరం నుంచే నా తెర చూస్తూ గంటసేపు తడిమి, నాకేం కనబడటం లేదు బావా, అది కాసేపు బిగుసుకుపోయి మళ్ళీ కదులుతున్నట్టుంది, ముసలిదైపోయింది పాపం అన్నాడు. పోనీ ఆ ఖాళీ కోసేసి రెండు ముక్కలూ అతికించేస్తాను, దేవుడికి కూడా తెలీదు అన్నాడు. వద్దన్నాను. తెలిస్తే పోయేది నా పరువు కాదు, దాని సీటు.

ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. అంత చిరాకులోనూ ఆ నాలుగు సాయంత్రాలు నాకూ దానికీ మధ్య బాగున్నంతగా ఈ మధ్య ఎన్నడూ బాగాలేదు. మొదటిసారి ఖాళీ వచ్చినప్పుడు అది స్టోర్ రూమ్‌లోంచి బయటికి వచ్చి, తెర మీది చదును గీత చూసి మొహం పాలిపోయి, నేను ఆపలేదు నాన్నా అంది. నువ్వెందుకు ఆపుతావే, ఇది ఈ దరిద్రపు డబ్బా పని అన్నాను. అది నన్నొక రకంగా చూసింది. లోపలికి వెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. తర్వాత నా పక్కనే నేల మీద కూర్చుని, నేను రాసుకుంటున్న పుస్తకంలోకి తొంగి చూస్తూ మెల్లగా అంది:

"స్కూల్లో ఏది జరిగినా నాదే తప్పంటారు నాన్నా. నువ్వొక్కడివే కాదన్నావు."

నేను పెద్దగా పట్టించుకోలేదు. దాని నెత్తిన చిన్న మొట్టికాయ వేసి, వెళ్ళి ఇంకోసారి పాడు, ఊపిరి బాగా పీల్చుకో అన్నాను. అది గంతులేసుకుంటూ వెళ్ళింది.

శుక్రవారం ఒక ఆరంతస్తుల ఇంటికి వెళ్ళాను. లిఫ్ట్ మధ్యలో ఆగిపోతోందని వాళ్ళ ఫిర్యాదు. ఎక్కి చూశాను. లిఫ్ట్ ఆగడం లేదు. లోపల అంతస్తు చూపించే అంకె ఆరిపోతోంది, అంతే. రెండు దగ్గర ఆరి, వెలిగేసరికి నాలుగు చూపిస్తోంది. అంకె ఆరగానే లోపలివాళ్ళు లిఫ్టే ఆగిపోయిందని భయపడిపోతున్నారు. వాచ్‌మన్‌కి నేనే వివరించి చెప్పాను. దీపం ఆరినా లిఫ్ట్ నడుస్తూనే ఉంటుందయ్యా, అందుకే వెలిగేసరికి అంకె మారిపోయి ఉంటుంది. లిఫ్టే ఆగి ఉంటే రెండులో ఆరింది రెండులోనే వెలిగేది. ఇంత చెప్పి నా నోరు నేనే మూసుకున్నాను.

మా పాటలో ఒక్క మాట కూడా పోవడం లేదు.

ఏ మాట దగ్గర ఆగుతోందో దాని తర్వాతి మాట దగ్గరే మొదలవుతోంది. లాప్‌టాప్ ఆరు సెకన్లు వినడం మానేస్తే ఆ ఆరు సెకన్లలో పాడిన మాటలు పోవాలి కదా. పాట ముందుకెళ్ళిపోయి ఉండాలి కదా. రెండులో ఆరింది రెండులోనే వెలుగుతోంది. అంటే ఆగుతున్నది లాప్‌టాప్ కాదు.

ఆ రోజు ఇంకో రెండు చోట్ల పనులుండి ఇల్లు చేరేసరికి ఉడత నిద్రపోయింది. శనివారం మధ్యాహ్నం పని నుంచి తిన్నగా ఇంటికొచ్చాను. ఆ వారం రికార్డుల్లో ఖాళీలున్న చోట్లన్నీ వరసగా విన్నాను. ఒక్కదాంట్లోనూ ఒక్క మాట పోలేదు. నా లోపల ఏదో ఉడకడం మొదలైంది. అయినా మెషీన్‌కి ఇచ్చే ఆఖరి అవకాశం ఇద్దామని, ఆ చప్పుళ్ళు వడగట్టే మీట తీసేశాను. ఉడతకి ఏమీ చెప్పలేదు. ఇంకోసారి పాడు అన్నాను. పాడింది. రెండో చరణంలో గొంతు ఆగింది. గొంతు ఆగింది గానీ హెడ్‌ఫోన్స్‌లో ఫ్యాన్ ఆగలేదు. హోరు వినబడుతూనే ఉంది. టక్. మళ్ళీ టక్. ఇంకో టక్. ఆ తర్వాత పాట.

అంటే కాపలావాడు తలుపు మూసేయడం వల్ల ఇన్నాళ్ళూ నాకు ఏమీ లేనట్టు వినబడింది. లాప్‌టాప్ క్షణం కూడా నిద్రపోలేదు. లోపల కూర్చున్న మనిషే పాడటం ఆపేస్తోంది.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. నాకు మొదట వచ్చింది కోపమే. వారం రోజులు నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడించిందనుకున్నాను. కొత్త వైరు, విరిగిన పాలు, బావమరిది ముందు పోయిన పరువు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నేనన్న పెంకితనమే నిజమనుకున్నాను. స్టోర్ రూమ్ తలుపు భళ్ళున తోశాను. స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్న పిల్ల ఉలిక్కిపడింది.

"నువ్వే ఆపుతున్నావు. మధ్యలో ఆపేసి దిక్కులు చూస్తున్నావు. అవునా కాదా?"

కాదు నాన్నా అంది. అబద్ధమాడకు అన్నాను. ఒట్టు నాన్నా అంది. నీకు పాడటం ఇష్టం లేకపోతే చెప్పెయ్, ఈ వేషాలన్నీ ఎందుకు, ఇవాళ్టితో ఇవన్నీ మడిచి పైన పెట్టేస్తాను అని ఇంకా చాలా అన్నాను. ఎదురింటివాళ్ళ తలుపు తెరుచుకోవడం కూడా వినబడింది. అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నన్ను బుధవారం చూసినట్టు కాకుండా, స్కూల్లో టీచర్‌ని చూసినట్టు చూసింది. వారం రోజులు సంపాదించుకున్నదంతా ఆ చూపులో పోయింది.

"నేను ఆపలేదు. కావాలంటే నువ్విక్కడే కూర్చో నాన్నా. నా ఎదురుగా కూర్చుని చూడు," అంది.

చూస్తాను, చూడక ఏం చేస్తాను అన్నాను. రికార్డు నొక్కి వచ్చి, దాని ముందు పరుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాను. అప్పుడే మా ఆవిడ భోజనానికి షాపు నుంచి వచ్చింది. నా గొంతు మెట్ల మీదనుంచే విని ఉంటుంది. బ్యాగు భుజానికి ఉండగానే వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఉడత స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. ఊపిరి బాగా పీల్చుకుంది, నేను చెప్పినట్టే, మూడుసార్లు. మొదలుపెట్టింది.

ఎంత బాగా పాడుతుందో నాకు ఆ రోజే తెలిసింది. హెడ్‌ఫోన్స్‌లో తెలీలేదు. కుడిచేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ, నన్నే సూటిగా చూస్తూ పాడింది, చూడు, నేను ఆపుతున్నానేమో చూడు అన్నట్టు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. రెండోది అయింది. నేను లోలోపల, చూశావా, ఎదురుగా కూర్చుంటే ఎలా దారికొచ్చిందో అనుకుంటున్నాను.

మూడో చరణం రెండో పాదంలో గొంతు తెగిపోయింది. తాళం వేస్తున్న చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. నోరు సగం తెరిచే ఉంది. కళ్ళు నా మీద లేవు. నా చెవి పక్కనుంచి వెనకాల ఎక్కడో ఉన్నాయి. రెప్పలు మాత్రం సన్నగా, గబగబా కొట్టుకుంటున్నాయి. ఉడతా అన్నాను. పలకలేదు. ఫ్యాన్ ఇటు తిరిగింది, గాలికి జుట్టు ఎగిరి దాని కళ్ళలో పడింది. కళ్ళు మూసుకోలేదు, తల తిప్పలేదు, జుట్టు తీసుకోలేదు. ఉడతా అని మళ్ళీ పిలిచాను. అక్కడ ఎవరూ లేరు.

నెల కిందట భోజనాల దగ్గర నీళ్ళ చెంబు ఇటివ్వు అంటే ఇలాగే చూస్తూ కూర్చుంది. రెండుసార్లు అడిగాను, మూడోసారి చెంప మీద కొట్టాను. ఇలాగే చూస్తుండగా కొట్టాను.

గాల్లో ఉన్న చెయ్యి తొడ మీదికి దిగింది. తర్వాతి మాట పలికింది, ఏ మాటా పోకుండా, శ్రుతి కూడా చెదరకుండా. కళ్ళు మళ్ళీ నా మీదికి వచ్చాయి. జుట్టు పక్కకి తోసుకుని, కళ్ళలోకి ఎప్పుడు పడిందా అన్నట్టు చిన్నగా మొహం చిట్లించి, చివరిదాకా పాడేసింది.

పూర్తవగానే దాని మొహం వెలిగిపోయింది.

"చూశావా నాన్నా? ఎక్కడా ఆపలేదు కదా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది, బ్యాగు కింద పడిపోయింది. ఆవిడకి అర్థమైపోయిందని మొహం చూస్తేనే తెలిసింది. తర్వాత వంటింట్లో, పంపు తిప్పి ఆ చప్పుడు చాటున నాకు చెప్పింది. ఫిట్స్ అంటే కిందపడి కొట్టుకోవడమొక్కటే కాదట, పిల్లల్లో ఇలా కూడా వస్తాయట, వచ్చినట్టు వాళ్ళకే తెలీదట. నెలనెలా తన కౌంటర్ దగ్గరికి ఒకావిడ కొడుకు కోసం మాత్రలకి వస్తుందట, ఆవిడ ఇవే గుర్తులు చెప్పిందట, రోజుకి ఇరవై ముప్పైసార్లు కూడా వస్తాయందట. ఎక్కువసేపు గట్టిగా ఊపిరి పీల్పిస్తే తొందరగా వస్తాయని, డాక్టర్లు పరీక్ష చేసేటప్పుడు పనిగట్టుకుని అలాగే పీల్పిస్తారని కూడా అందట. మందులున్నాయి, చాలామందికి తగ్గిపోతుంది, రేపు కాదు ఇవాళే చూపిద్దాం అంది. అంతా చెప్పి, రోజూ చేత్తో తీసిచ్చే మాత్రలు, నా పిల్లకి కావాలని నాకే తెలీలేదు అని కొంగు నోట్లో కుక్కుకుంది.

అదంతా తర్వాత. అప్పుడు మాత్రం, ఎక్కడా ఆపలేదు కదా అని పిల్ల అడుగుతుంటే, ఆపలేదమ్మా అన్నాను. అబద్ధం కాదు. అది ఆపలేదు. బోర్డు ముందు ఆపలేదు, సగం రాసిన వాక్యం దగ్గర ఆపలేదు, భోజనాల దగ్గర ఆపలేదు. ఏడాది పొడుగునా అది చెప్తున్నది అదే మాట. వారం రోజులుగా దాని చేత ముప్పైసార్లకి పైగా పాడించాను, ఊపిరి బాగా పీల్చుకో అని ప్రతిసారీ నేనే చెప్పాను. ఒక్కసారి కూడా తలుపు తీసి దాని మొహం చూడలేదు. మధ్యలో ఒక్క తలుపు, అదీ గొళ్ళెం లేనిది.

నా కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి, ఆపుకోవడం నా వల్ల కాలేదు. నేను ఏడవడం అది ఎన్నడూ చూడలేదు. కంగారుపడి స్టూలు దిగింది. హాల్లోకి పరిగెత్తి లాప్‌టాప్ తెర మీదికి వంగి చూసింది. గీత మధ్యలో, మూడో చరణం దగ్గర, ఎప్పటిలాగే ఆ పల్చటి చోటు. అది చూసి నెమ్మదిగా తిరిగొచ్చి నా ముందు కూర్చుంది. గౌను అంచుతో నా మొహం తుడిచింది.

"మళ్ళీ అదే చేసింది కదా? పోనీలే నాన్నా, నువ్వు ఏడవకు. ఇంకా నాలుగు గంటలుంది. ఇంకోసారి పాడతాను."

అది నా మొహంలోకి చూసి, చూసి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"పాట మాన్పించేయవు కదా?"

మాన్పించనమ్మా అన్నట్టు తల అడ్డంగా ఊపాను. అది ఇంకా చూస్తూనే ఉంది. నమ్మలేదేమోనని మళ్ళీ ఊపాను.